నడి ఊళ్ళోనే ఉందామా?



పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో పెళ్ళయి నాలుగైదేళ్ళు దాటి, ఒకరో ఇద్దరో పసిపిల్లలున్న తెలుగు జంటల ఇళ్ళలో రాత్రి భోజనాలయ్యాక నలిగే చర్చ ఒకటుంది. సుభాష్‌పల్లి పేటలో తాతగారు కట్టిన పాత ఇంట్లోనే, అన్నదమ్ముల మధ్య సర్దుకుని ఉండాలా? లేక జాతీయ రహదారి వైపో, ఐఐటీ వైపో లేస్తున్న కొత్త అపార్టుమెంట్లలో ఫ్లాటు తీసుకోవాలా? కొత్త ఫ్లాటులో లిఫ్టు ఉంటుంది, బండి పెట్టుకునే చోటు ఉంటుంది, పిల్లకో గది ఉంటుంది. పాత ఇంట్లో నాన్నమ్మ ఉంటుంది. చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఈ లెక్క దగ్గరే ఆగుతుంది.

విశాఖలో మధురవాడ వెళ్ళాలా, పాత ఊళ్ళోనే ఉండాలా అని అడిగేవారికీ, హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు దాకా పోయి ఇల్లు కొన్నవారికీ ఈ చర్చ కొత్తేమీ కాదు. అయితే ఖరగ్‌పూర్‌లో దీనికి ఓ ప్రత్యేకత ఉంది. ఇక్కడి తెలుగువాళ్ళు నాలుగు తరాలుగా పిల్లల్ని పెంచింది నడి ఊళ్ళోనే. ఆ ఊరిని కట్టింది ఒక రైల్వే కంపెనీ.

బెంగాల్ నాగపూర్ రైల్వే, అందరి నోట బీఎన్నార్, 1887లో ఏర్పడింది. కటక్ నుంచి ఖరగ్‌పూర్ మీదుగా కోలాఘాట్ దాకా దారి 1899 జనవరి 1న తెరిచారు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రూపనారాయణ్ నది మీద వంతెన పూర్తయి హౌరాతో బండి కలిసింది. తెలుగువారి కథకు అంతకన్నా ముఖ్యమైన సంవత్సరం 1902. తూర్పు తీర రైలుమార్గంలో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న ఉత్తర భాగం ఆ ఏడు బీఎన్నార్ చేతికి వచ్చింది. దాంతో ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెలూ, ఖరగ్‌పూర్ వర్క్‌షాపూ ఒకే కంపెనీ పట్టాల మీదికి వచ్చాయి. పలాసలోనో చీపురుపల్లిలోనో బండెక్కితే మరునాటికి బెంగాల్‌లో పని దొరికే అవకాశం ఉండేది. కరువుకి భయపడ్డవాడు, అప్పుకి భయపడ్డవాడు, చెల్లెలి పెళ్ళి చేయాల్సినవాడు ఆ బండెక్కారు. ఫిట్టరుగా, కలాసీగా, గ్యాంగ్‌మన్‌గా చేరారు. ముందు మగవాళ్ళు ఒంటరిగా వచ్చారు; క్వార్టరు దొరికాక ఊరెళ్ళి భార్యనీ, ఆమె వెంట ఓ ముసలమ్మనీ తీసుకొచ్చారు.

రైల్వే కాలనీలో పిల్లల పెంపకం సగం కంపెనీ వ్యవహారంలాగే సాగింది. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, నీంపురా, మథురాకాటీ అంటూ పేటలు వేశారు. వర్క్‌షాపుకి సైకిలు దూరంలో క్వార్టర్లు, వాటికి దగ్గరలో బడి, రైల్వే ఆసుపత్రి, ఇన్‌స్టిట్యూటు, ఆట మైదానం, మధ్యలో గోల్‌బజారు. వర్క్‌షాపు సైరన్ మోగితే ఇళ్ళలో పొయ్యి మీద అన్నం ఎక్కేది, మళ్ళీ మోగితే నాన్న వచ్చే వేళయిందని పిల్లలు గోలీలు జేబులో వేసుకునేవారు. ఇదంతా కార్మికుల మీద ప్రేమతో చేసిన పని అనుకోనక్కరలేదు. షిఫ్టుకి మనిషి వేళకి అందాలి, అందుకని దగ్గర పెట్టుకున్నారు. ఎవరి అవసరం కోసం కట్టినా, పిల్లలకి మాత్రం అది బాగా అమరింది. ఏడేళ్ళ పిల్లవాడు ఒంటరిగా వెళ్ళగలిగినంత దూరంలోనే అతని ప్రపంచం మొత్తం ఉండేది.

దానికో మెలిక ఉంది. క్వార్టరు ఉద్యోగానిది, మనిషిది కాదు. 1927లో ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా ఖరగ్‌పూర్‌లో పెద్ద సమ్మె జరిగింది. ఆ కాలంలో బీఎన్నార్ కార్మికోద్యమానికి నాయకత్వం వహించినవారిలో వరాహగిరి వెంకటగిరి ఒకరు. నలభై రెండేళ్ళ తర్వాత దేశానికి రాష్ట్రపతి అయ్యారాయన. 1974 మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె జరిగినప్పుడు చాలాచోట్ల కాలనీల్లో కుటుంబాల్ని క్వార్టర్ల నుంచి బయటికి గెంటారు. సమ్మె మాట అటుంచినా, రిటైరయ్యాక కొన్ని నెలల్లో తాళం అప్పగించాల్సిందే. ముప్ఫై అయిదేళ్ళు ఉన్న ఇల్లు, పిల్లలు పుట్టిన ఇల్లు, పెరట్లో వేసిన కరివేపాకు చెట్టుతో సహా వదిలిపెట్టాలి. చాలామందిని సొంత ఇంటి వైపు తోసింది ఈ భయమే.

అప్పుడు వాళ్ళకి రెండు దారులు కనబడ్డాయి. ప్రావిడెంట్ ఫండు డబ్బు పట్టుకుని స్వగ్రామం వెళ్ళిపోవడం మొదటిది. కొందరు వెళ్ళారు, వెళ్ళినవారిలో కొందరు ఆరు నెలలకే తిరిగొచ్చారు, ఎందుకంటే పిల్లలు, మనవలు, స్నేహితులు, రైల్వే ఆసుపత్రి కార్డు అన్నీ ఇక్కడే ఉండిపోయాయి. రైల్వే సరిహద్దు దాటగానే ఉన్న పేటల్లో నాలుగు కుంచాల స్థలం కొనుక్కుని ఇల్లు లేపుకోవడం రెండోది. ఖరీదా, మలంచ, తాల్‌బాగిచా, సుభాష్‌పల్లి లాంటి పేటల్లో తెలుగు ఇళ్ళు అలా పెరిగాయి. గుమ్మానికి మామిడాకుల తోరణం, పక్కింటి గుమ్మంలో అల్పన ముగ్గు. పిల్లలు ఒకావిడని పిన్నీ అంటారు, గోడ అవతలి ఆవిడని కాకీమా అంటారు. రెండు వంటిళ్ళలోనూ తింటారు.

ఇప్పుడు ఆ ఇళ్ళలో మూడో తరం, నాలుగో తరం పిల్లలున్నారు. ఒక మామూలు రోజు తీసుకుందాం. తండ్రికి వర్క్‌షాపులోనో, మేదినీపూర్‌లో ఓ ఆఫీసులోనో పని. తల్లి బడిలో టీచరో, దుకాణంలో లెక్కలు చూస్తుందో అనుకోండి. పొద్దున్న పెద్ద పిల్లని బడికి తాతయ్య నడిపిస్తాడు. చిన్నవాణ్ణి నాన్నమ్మ చూసుకుంటుంది. కూరగాయలు నడకలో దొరుకుతాయి, ఏదైనా పెద్ద కొనుగోలుంటే టోటో ఎక్కి గోల్‌బజారు వెళ్ళొస్తారు. మన దగ్గర బ్యాటరీ ఆటో అంటారే, బెంగాల్‌లో దాని పేరే టోటో. జ్వరమొస్తే డాక్టరు, పుస్తకం కావాలంటే కొట్టు, సాయంత్రం ట్యూషను... దేనికీ ఎవరూ సెలవు పెట్టనక్కరలేదు.

అదే జంట రహదారి పక్క ఫ్లాటుకి మారిందనుకోండి. గది పెరుగుతుంది, ఇంట్లో పెద్దలు తగ్గుతారు. తాతయ్య చేసే పని బడి వ్యాను చేస్తుంది, నాన్నమ్మ చేసే పని క్రెష్ చేస్తుంది, వ్యాను అందనప్పుడు స్కూటీ మీద తల్లి చేస్తుంది. ఈ చివరి మాట కాస్త గమనించాలి. ఊరి చివర ఇల్లు చవక అనేవాళ్ళు చదరపు అడుగుల ధర లెక్క వేస్తారు. ట్యూషనుకి దింపడం, అక్కడే గంటన్నర కాచుకోవడం, మళ్ళీ తీసుకురావడం, ఈ గంటల ఖరీదు ఎవరి ఖాతాలోనూ పడదు. పడితే ఎక్కువసార్లు అది ఆడవాళ్ళ ఖాతాలోనే. మగవాళ్ళు మాత్రమే కూర్చుని ఇల్లు నిర్ణయించే కుటుంబాల్లో ఈ లెక్క అసలు వేయరు.

దగ్గరలో బడి అన్నది మన చట్టం కూడా ఒప్పుకున్న విషయం. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో తెచ్చిన నిబంధనలు అయిదో తరగతి దాకా కిలోమీటరు లోపు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపు, పిల్లలు నడిచి వెళ్ళగలిగే దూరంలో బడి ఉండాలన్నాయి. పసుపు వ్యాన్ల వరస చూస్తే ఆ నిబంధన గురించి ఎవరికీ గుర్తున్నట్టు అనిపించదు.

పిల్లలు ఒంటరిగా నడవడం ఎంత త్వరగా మాయమవుతుందో తెలియాలంటే ఇంగ్లండు లెక్కలు చూడాలి. మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ 1990లో ఒక నివేదిక ఇచ్చారు. 1971లో అక్కడ ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో 80 శాతం మంది పెద్దల తోడు లేకుండా బడికి వెళ్ళేవారు. 1990 నాటికి 9 శాతం. పంతొమ్మిదేళ్ళలో పిల్లలేమీ మారిపోలేదు. వీధిలో కార్లు పెరిగాయి, భయం పెరిగింది. రోడ్డు ప్రమాదాల్లో పిల్లల మరణాలు తగ్గాయని ప్రభుత్వం చెప్పుకుంటే, వీధులు సురక్షితం అవడం వల్ల కాదు, పిల్లల్ని వీధిలోకి రానివ్వకపోవడం వల్ల తగ్గాయని వాళ్ళు వాదించారు.

పిల్లల్ని నడి ఊరి వీధిలోనే పెంచొచ్చన్న వాదన అమెరికాలో పెట్టినావిడ జేన్ జేకబ్స్. 1947లో ఆమె, భర్త కలిసి న్యూయార్కు నడిబొడ్డున గ్రీనిచ్ విలేజ్‌లో, హడ్సన్ స్ట్రీట్ 555 నంబరు ఇల్లు కొన్నారు. కింద ఒకప్పుడు మిఠాయి కొట్టుండేది. స్తోమత ఉన్న తెల్లవాళ్ళంతా పచ్చిక లాన్లు వెతుక్కుంటూ శివార్లకి పోతున్న కాలమది. ముగ్గురు పిల్లల్ని ఆమె ఆ వీధిలో పెంచింది. 1961లో రాసిన పుస్తకంలో ఓ చిన్న సంఘటన చెబుతుంది: కొడుకు రోడ్డు మీదికి పరుగెడితే వీధిలో తాళాలు బాగుచేసే అతను వాణ్ణి కేకలేశాడు, తర్వాత ఆమె భర్తకి సంగతి చెప్పాడు. సంబంధం లేని మనిషి కూడా తనని పట్టించుకుంటాడని పిల్లవాడు నేర్చుకునేది ఇలాగేనని ఆమె వాదన. సుభాష్‌పల్లిలో ఈ పాఠానికి అమెరికా పుస్తకం అక్కరలేదు. సైకిలు హ్యాండిలు వదిలేసి తొక్కే గుంటడి సంగతి వాడింటికి చేరేలోపే వాళ్ళమ్మకి తెలుస్తుంది, బెంగాలీలోనో హిందీలోనో తెలుగులోనో. అది చెప్పిన మనిషిని ఆ గుంటడు నెలరోజులు తిట్టుకుంటాడు, అదీ నిజమే.

భాష సంగతి వేరే చెప్పాలి. ఊరికి మినీ ఇండియా అని పేరు. ఇక్కడి తెలుగు పిల్లకి అయిదేళ్ళు నిండేసరికి మూడు భాషలు నోట్లో తిరుగుతుంటాయి. వీధిలో హిందీ, పక్కింట్లో బెంగాలీ, ఇంట్లో నాన్నమ్మ తెచ్చిన శ్రీకాకుళం తెలుగు. మాట్లాడడం వరకూ ఇబ్బంది లేదు. చదవడం, రాయడం దగ్గరే చిక్కు. పశ్చిమ బెంగాల్ పదో తరగతి పరీక్ష మాధ్యమిక్‌లో తెలుగుని మొదటి భాషగా రాసే వీలుంది. ఖరగ్‌పూర్‌లో తెలుగు మాధ్యమం బడులు తరాల తరబడి నడిచాయి. ఇంగ్లీషు మీడియం మోజులో ఆ తరగతి గదులు పలచబడ్డాయి. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకి అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. హోదా మంచిదే. బడిలో తెలుగు పంతులు లేకపోతే ఆ హోదా బోర్డుల మీద మిగులుతుంది.

ఇక్కడే నడి ఊరికీ శివారుకీ తేడా బాగా తెలుస్తుంది. ఫ్లాటులో పిల్ల తెలుగు వినేది ఇద్దరి దగ్గర, వాళ్ళు ఆఫీసు నుంచి అలసి వచ్చాక. పాత పేటలో నాన్నమ్మ, ఆవిడ పేరంటాల స్నేహితులు, అప్పడాలు అమ్మే అతను, గుళ్ళో పూజారి, క్యారమ్ బోర్డు చుట్టూ మూగిన అన్నలు, వీళ్ళందరి దగ్గరా వింటుంది. తిట్లతో సహా నేర్చుకుంటుంది. భాష తిట్లతో సహా వస్తేనే వచ్చినట్టు.

పండుగలూ అంతే. వసంత పంచమి నాడు బెంగాలీ ఇళ్ళలో సరస్వతి ముందు పసివాళ్ళ చేత మొదటి అక్షరం దిద్దిస్తారు, హాతేఖొడి అని. బాసరలో మనవాళ్ళు అక్షరాభ్యాసానికి బారులు తీరేదీ ఆ రోజే. అందుకని సుభాష్‌పల్లి తెలుగు తల్లి ఎక్కడికీ పోనక్కరలేదు. వీధి పందిట్లోనే పలక పట్టుకుని కూర్చోబెట్టొచ్చు. సంక్రాంతికి అరిసెలు అటు వెళ్తాయి, బియ్యప్పిండి, కొబ్బరి, బెల్లంతో చేసిన పిఠే ఇటు వస్తాయి. ఎండలు ముదరకముందు తెలుగు పేటల్లో మాతా పూజలు జరుగుతాయి, డప్పులతో, ఘటాలతో. ఆ రాత్రుళ్ళు నిద్ర పట్టదని విసుక్కునే కోడళ్ళు ఉన్నారు. పరీక్షల ముందు లౌడ్ స్పీకర్ పెట్టకూడదని వాళ్ళనడం న్యాయమే.

విసుగుకి కారణాలు ఇంకా చాలా ఉన్నాయి. పాత పేటని పొగిడి వదిలేస్తే అక్కడ కాపురం చేసేవాళ్ళు నవ్వుతారు. సందులు ఇరుకు, పక్కన తెరిచిన కాలవ. వానాకాలం వస్తే దోమలు, డెంగ్యూ భయం. పైన చెప్పిన టోటోలే ఇప్పుడు సందు నిండా. ఊరిని పట్టాలు చీల్చేశాయి. ఖరీదా లెవెల్ క్రాసింగ్ గేటు పడినప్పుడు బడి పిల్లలు, అంబులెన్సు, కూరగాయల బండి అంతా ఒకేచోట నిలబడతారు. రైల్వే తుక్కు వేలాల చుట్టూ పెరిగిన ముఠాల కథలు ఊరిని పత్రికలకెక్కించాయి. 2017 జనవరిలో పట్టపగలు తుపాకులు పేలాయి. అలాంటి వార్త చదివిన తండ్రి ఫ్లాటు కొనాలనుకుంటే అతన్ని తప్పుపట్టేదేముంది?

ఇంటి లోపల ఇంకో కష్టం. రెండు గదుల్లో ఆరుగురుంటే చదువుకునే మూల దొరకదు. కోడలికి ఒంటరిగా కూర్చునే చోటు అంతకన్నా దొరకదు. నాన్నమ్మ పిల్లల్ని చూస్తుంది నిజమే, దాంతో పాటు కోడలు ఏం వండింది, ఎన్నింటికి వచ్చింది అన్నదీ చూస్తుంది. ఊరి చివర ఫ్లాటు కావాలన్న కోరిక వెనక చాలాసార్లు ఉన్నది కారు పార్కింగు కాదు, తలుపేసుకునే స్వేచ్ఛ. దాన్ని స్వార్థం అనేవాళ్ళు ఆ వంటింట్లో ఓ వారం ఉండి చూడాలి.

మైదానాల మాటకొస్తే ఖరగ్‌పూర్ పిల్లలు అదృష్టవంతులు. రైల్వే వదిలిన ఖాళీ జాగాలు ఊరి మధ్యనే ఉన్నాయి. సేర్సా స్టేడియం సంగతి దేశానికంతా తెలుసు. 2001 నుంచి కొన్నేళ్ళు ఇక్కడ టికెట్ కలెక్టరుగా పనిచేసిన మహేంద్రసింగ్ ధోనీ ఆ మైదానంలోనే ఆడేవాడు. చిక్కంతా మూడేళ్ళ పిల్లలతో వస్తుంది. పదేళ్ళవాడికి మైదానం చాలు, మూడేళ్ళదానికి నీడ కావాలి, కూర్చునే అరుగు కావాలి, వెంట వచ్చిన ముసలావిడకి బాత్రూము కావాలి.

ఈ వయసు పిల్లల కోసం ఊళ్ళని మార్చే ప్రయత్నాలు జరుగుతున్నాయి. నెదర్లాండ్స్‌కి చెందిన వాన్ లీర్ ఫౌండేషన్ అర్బన్95 అని ఓ కార్యక్రమం నడుపుతోంది. ఆరోగ్యంగా ఉన్న మూడేళ్ళ బిడ్డ ఎత్తు 95 సెంటీమీటర్లు. ఆ ఎత్తు నుంచి చూస్తే ఊరు ఎలా ఉంటుందన్నది వాళ్ళ ప్రశ్న. ఆ సంస్థ సాయంతో కేంద్ర ప్రభుత్వం పెట్టిన పోటీలో 2022లో ఎంపికైన పది నగరాల్లో మన కాకినాడ, వరంగల్ ఉన్నాయి. చేసే పనులు పెద్దవేమీ కావు: అంగన్‌వాడీకి వెళ్ళే దారి సరిచేయడం, మూలనున్న చెత్త జాగాని ఆట స్థలం చేయడం, రోడ్డు దాటే చోట రంగు వేయడం. సుభాష్‌పల్లి లాంటి పేటకి కావలసినవి సరిగ్గా ఇవే. ఫ్లైఓవరు అక్కరలేదు.

కెనడాలో వాంకూవర్ నగరం 1992లోనే, నడి ఊళ్ళో ఎత్తయిన భవనాలు కట్టేటప్పుడు పిల్లలున్న కుటుంబాల కోసం ఏమేం ఉండాలో మార్గదర్శకాలు రాసుకుంది. ఆట స్థలం ఇళ్ళలోంచి కనబడాలనీ, బడి, దుకాణాలు నడక దూరంలో ఉండాలనీ అందులో ఉంది. కుటుంబాలు నడి ఊరికి రావని అనుకున్నవాళ్ళకి జవాబు 2004 తర్వాత దొరికింది. అక్కడ కొత్తగా తెరిచిన ఎల్సీ రాయ్ ప్రాథమిక పాఠశాలలో సీట్లు చాలక లాటరీ తీయాల్సి వచ్చింది. రెండో బడి తెరవడానికి 2017 దాకా పట్టింది. కట్టినవాళ్ళు పిల్లల సంఖ్యని తక్కువ అంచనా వేశారు.

ఖరగ్‌పూర్‌లో అంచనా వేసేవాళ్ళెవరూ లేరు. మునిసిపాలిటీ 1954లో ఏర్పడింది, రైల్వే భూమి రైల్వేదే. ఒకే వీధిలో ఈ వైపు కాలవ ఒకరిది, ఆ వైపు కాలవ ఇంకొకరిది. ఖాళీ పడి కూలిపోతున్న పాత క్వార్టర్లు ఊరి మధ్యలో చాలా ఉన్నాయి. వాటి స్థానంలో ఏం వస్తుందో, అక్కడ పసిపిల్లలున్న కుటుంబాలకి చోటుంటుందో లేదో నిర్ణయించేవారు సుభాష్‌పల్లి వాసులు కారు.

కాబట్టి వాళ్ళు తమ చేతిలో ఉన్న పని చేస్తున్నారు. పాత ఇంటి మీద ఇంకో అంతస్తు లేపుతున్నారు. తాత వేసిన పునాది తట్టుకుంటుందా అని మేస్త్రీని అడుగుతారు, అతను తట్టుకుంటుందనే అంటాడు. తెలివైనవాళ్ళు ఇంకో ఇంజనీరుని కూడా పిలుస్తారు. బ్యాంకు అప్పుకి స్థలం కాగితాలు కావాలి, కాగితాల్లో తాత పేరుంటుంది, తాత పేరు మార్చాలంటే అన్నదమ్ములు, ఆడపడుచులు అందరూ సంతకం పెట్టాలి. వీటన్నిటికన్నా పెద్ద తగువు మెట్ల దగ్గర వస్తుంది. మెట్లు ఇంటి లోపల నుంచి వేయాలని అత్తగారు, బయట నుంచి వేయాలని కోడలు. లోపల నుంచైతే మనవలు ఎప్పుడంటే అప్పుడు కిందికి దిగి వస్తారని ఆవిడ, బయట నుంచైతే తలుపు తనదే అవుతుందని ఈవిడ. ఈ మధ్య కట్టిన ఇళ్ళు చూస్తే మెట్లు ఎక్కువగా బయటే ఉంటున్నాయి. పిల్లలు రోజుకి పాతికసార్లు దిగుతూనే ఉన్నారు.